ముక్కల బుట్ట

పద్నాలుగో భాగం

పోయినవారం టైలరమ్మను మనం కంప్యూటర్ ముందు కళ్ళప్పగించి కూర్చున్న చోట వదిలేశాం. వారం రోజులుగా ఆవిడ అలాగే కూర్చుందని కంగారు పడకండి. కథలో గడిచింది రెండు నిమిషాలే. పాత భాగాలు చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆవిడ దగ్గరికే వెళ్దాం.

మెట్ల కింద కుట్టు కొట్టు, మెట్ల పైన కత్తిరింపు గది, కంప్యూటర్ ఉన్నదీ అక్కడే. రెండింటినీ నడిపే ఆవిణ్ణి వీధి వీధంతా టైలరమ్మ అనే పిలుస్తుంది. ఆవిడకి పని నేర్పిన మనిషి మాస్టరమ్మ. టేపుకి లొంగే ఒంటికి ఎవరైనా కుడతారు. మాస్టరమ్మ కుట్టింది టేపుకి లొంగని ఒళ్ళకి. ఒక భుజం కిందికి జారినవాళ్ళు, వీపు వంగినవాళ్ళు, పొద్దస్తమానం చక్రాల కుర్చీలో ఉండేవాళ్ళు, ఒక్క చేత్తో బొత్తాలు పెట్టుకునేవాళ్ళు ఆవిడ కొట్టుకి వెతుక్కుంటూ వచ్చేవారు. పదకొండేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ కొట్టు పోయింది, ఆవిడ ఊరు విడిచి వెళ్ళిపోయింది. టైలరమ్మ రాసిన ఉత్తరాలు వెనక్కి తిరిగొచ్చాయి. పెద్దావిడ పోయిందట పాపం అని ఎవరో చెప్పారు. ఆ విద్య తనతోనే ఆగిపోకూడదని టైలరమ్మ 'అంచు మడత' అనే బ్లాగు పెట్టింది. మొదటి పేజీలో 'కీర్తిశేషులు మాస్టరమ్మ గారి పాదాలకు' అని రాసుకుని ఆరు పాఠాలు ఎక్కించింది. ఇంకో నలభై ఒకటి రాసి కంప్యూటర్లో దాచుకుంది. ఇవాళ మధ్యాహ్నం దాకా అవి ఉన్నాయి.

ఇవాళ శుక్రవారం. సాయంత్రం అయిదింటికి ఆస్పత్రిలో ఫిజియో మేడం ముప్పై కుటుంబాల్ని కూర్చోబెట్టి ఆ పాఠాల్ని తెర మీద చూపిస్తానంది. టైలరమ్మ సరేనని మాటిచ్చింది. రెండింటికి కంప్యూటర్ తెరిచి చూస్తే, పాఠాలు దాచిన చోట ఏమీ లేదు.

"ఏవండీ, బుట్టలోవి ఏవి?" అంది టైలరమ్మ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"పారేశా!" అన్నాడు ఆవిడ మొగుడు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. ఆయన బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి, భార్యకి ఏదో ఒక ఉపకారం చేద్దామని ఉత్సాహంగా ఉన్నాడు. "నిన్న నువ్వే కదా బ్లాగు తెరుచుకోవట్లేదని విసుక్కున్నావు. మా డిపోలో గుమాస్తా చెప్పాడు, అందులో చెత్తబుట్ట ఒకటి ఉంటుంది, అది ఖాళీ చేస్తే కంప్యూటర్ పరుగో పరుగట. ఇంత చెత్త పేర్చి పెట్టుకున్నావేంటే బాబూ! ఒక్క నొక్కుతో ఊడ్చేశా."

"అవి పాఠాలండీ."

"ఏ పాఠాలు?"

"మాస్టరమ్మ పాఠాలు. నలభై ఒకటీ."

డ్రైవరు గారు నవ్వబోయి ఆగాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో బండికి ఒక్క గీత పడనివ్వని మనిషాయన. ఆయన ముఖం పాలిపోవడం పెళ్ళయ్యాక టైలరమ్మ చూడటం ఇదే మొదటిసారి. మామూలు రోజైతే జాలి పడేది. ఇప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"పాఠాలని చెత్తబుట్టలో ఎవరైనా పెడతారటే?" అన్నాడాయన.

"చెత్తబుట్టేంటండీ! ముక్కల బుట్ట అది!"

ఇక్కడ కాస్త ఆగి టైలరమ్మ తరఫున నాలుగు మాటలు చెప్పాలి. లేకపోతే మీరూ ఆయనలాగే నవ్వుతారు. కుట్టు కొట్టులో బుట్ట అంటే పారేసేది కాదు. కత్తిరించగా మిగిలిన గుడ్డ, సగం కుట్టి ఊడదీసిన చెయ్యి, కాలరుకి పనికొచ్చే పట్టీ, అన్నీ బుట్టలోకే వెళ్తాయి. ఏ రోజు ఏ ముక్క అవసరమవుతుందో ఎవరికీ తెలీదు. అందులో చెయ్యి పెట్టి కెలికి, ఒక్కొక్కటే చూడకుండా బుట్ట బోర్లించినవాళ్ళ వీపు మాస్టరమ్మ చెక్క స్కేలుతో విమానం మోత మోగించేది. టైలరమ్మ కంప్యూటర్ కొన్న కొత్తలో తెర మీద బుట్ట బొమ్మ చూసి, ఓహో ఇక్కడా ఒకటి పెట్టారు, మంచివాళ్ళే అనుకుంది. పైగా తెర మీద ఫైళ్ళు పేరుకుపోతే కంప్యూటర్ నెమ్మదిస్తుందని ఎక్కడో చదివింది. అందుకని ఇంకా అంచు మడవని పాఠాలన్నీ బుట్టలో వేసి ఉంచేది. కావలసినప్పుడు ఒకటి బయటికి తీసి, నాలుగు వాక్యాలు రాసి, మళ్ళీ బుట్టలో వేసేది. ఏడాదిన్నరగా అదే పద్ధతి. ఒక్కసారీ బుట్ట ఆవిణ్ణి మోసం చెయ్యలేదు.

ఫోను తీసి మెకానిక్ పిల్లకి చేసింది. రెండు కొట్ల అవతల కంప్యూటర్లు బాగు చేసే పిల్ల అది. టైలరమ్మని పిన్నీ అంటుంది. సంగతి సగం వినగానే అవతల్నించి కేక పెట్టింది.

"పిన్నీ, ముందు దాన్ని ఆపెయ్! ఏదీ నొక్కకు, ఏదీ సేవ్ చెయ్యకు. బాబాయిని దాని దరిదాపులకి రానివ్వకు. వస్తున్నా."

బాబాయి అప్పటికే గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

పది నిమిషాల్లో వచ్చింది పిల్ల, భుజాన సంచీతో. చెప్పులు మెట్ల మీదే విడిచి, కుర్చీ లాక్కుని కూర్చుని, కంప్యూటర్ ఒకసారి వెలిగించి చూసి, పెదవి విరిచింది.

"పోయినవారం నేను మార్చిన డిస్కు కొత్త రకంది పిన్నీ. పాత రకమైతే చెరిపినా కొన్నాళ్ళు లోపల గీత మిగిలేది, ఏదో తంటాలు పడి లాగేదాన్ని. ఇది అలా కాదు. చెరపమంటే నిజంగానే తుడిచేస్తుంది. దీని వేగం దీనిది, దీని చిక్కు దీనిది."

"అంటే?"

"దీంట్లోంచి రావు."

టైలరమ్మ ఏడవలేదు. కత్తిరింపు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. పాఠాలు మళ్ళీ రాయొచ్చు అని తనకి తనే చెప్పుకోబోయింది, కానీ అది అబద్ధమని తనకే తెలుసు. వంగిన వీపుకి చొక్కా వెనక భాగం ఎంత పొడుగు కత్తిరించాలో మాస్టరమ్మ చెప్పిన లెక్క ఒకసారి గుర్తొస్తుంది, నాలుగుసార్లు గుర్తురాదు. గుర్తొచ్చిన రోజున గబుక్కున రాసి పెట్టుకున్నవి అవి. అలాంటి రోజులు నలభై ఒకటి కూడబెట్టింది. ఆ లెక్కలు ఇంకెవరి దగ్గరా లేవు.

"నేను కూర్చుంటానే," అన్నాడు డ్రైవరు గారు గొంతు తగ్గించి. "నువ్వు చెబుతూ ఉండు, నేను రాస్తా. సెలవు పెడతా. ఎన్ని రోజులైనా సరే."

"మీరు కాసేపు మాట్లాడకండి."

మెకానిక్ పిల్ల చటుక్కున తలెత్తింది.

"ఆగు పిన్నీ ఆగు. కొత్త డిస్కు వేసేటప్పుడు పాతదాంట్లో ఉన్నదంతా మక్కీకి మక్కీ ఇందులోకి ఎక్కించానా? పాతదాన్ని చెరపలేదు నేను. నీ బుట్ట కూడా ఎలా ఉన్నది అలాగే అందులో ఉంటుంది. ఆ పాత డిస్కు నీకే ఇచ్చేశానుగా, ఏది?"

"నాకేం ఇచ్చావే? నువ్వు ఫ్యాన్లోంచి గుప్పెడు గుడ్డ నూగు తీసి చూపించావు, 'పిన్నీ, ఇది కంప్యూటరా, పరుపా' అని నవ్వావు. అంతే గుర్తుంది."

"ఇచ్చాను. నల్లటి ఇనుప బిళ్ళ, అరచెయ్యంత ఉంటుంది."

"ఇనుపదా?" అన్నాడు డ్రైవరు గారు.

ఆ ఒక్క మాటకి ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

"ఇందాక డ్యూటీ దిగి రాగానే... పాత సామాన్లవాడు వచ్చాడు. విరిగిన కత్తెరలు, తుప్పు పట్టిన మిషన్ పెడల్, ఇంకా ఏవేవో... గోనెసంచిలో ఉన్నదంతా ఎత్తిచ్చేశా." ఆయన నుదురు మీద చెమట పట్టింది. "ఇల్లు కూడా కాస్త శుభ్రం చేద్దామని."

"ఇవాళ మీకేం పూనిందండీ!" అని అరిచింది టైలరమ్మ.

డ్రైవరు గారు చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోకుండా మెట్ల వైపు పరుగెత్తాడు. వాడి బండి ఈపాటికి మార్కెట్ దాటి ఉంటుంది, పట్టుకుంటా, బస్సు నడిపేవాణ్ణి తోపుడు బండిని పట్టుకోలేనా అని గొణుక్కుంటూ మూడు మెట్లు దిగాడు.

"బాబాయ్, ఆగు!"

మెకానిక్ పిల్ల కత్తిరింపు బల్ల వైపు చెయ్యి చాపి నిలబడింది. బల్ల నిండా నీలం గుడ్డ పరిచి ఉంది. దాని మీద చొక్కా ముందు భాగం కాగితం నమూనా. గాలికి కాగితం కదలకుండా నాలుగు మూలలా నాలుగు బరువులు. ఒక మూల ఇస్త్రీ పెట్టె, ఒక మూల తూకం రాయి, ఒక మూల తలుపు గొళ్ళెం ముక్క. నాలుగో మూల సుద్ద మరకలతో, అరచెయ్యంత నల్లటి ఇనుప బిళ్ళ.

"ఇదా!" అంది టైలరమ్మ. "ఇది నా బరువు బిళ్ళే! నువ్వు పారేస్తానంటే, బరువుగా బాగుంది, అంచులు గుడ్డకి తగులుకోవు, నాకియ్యవే అని నేనే అడిగి తీసుకున్నా!"

"దీన్నే డిస్కు అంటారు పిన్నీ."

"ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!"

టైలరమ్మ చెయ్యి చాపింది, అంతలోనే ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. బిళ్ళ మీద గుండుసూదుల డబ్బా కూర్చుని ఉంది. సూదులు కింద పడకుండా పట్టి ఉంచే అయస్కాంతం డబ్బా. వారం రోజులుగా దాని చోటు అదే.

"అయస్కాంతం పెడితే లోపలివన్నీ చెరిగిపోతాయంటారు కదే," అంది సన్నగా.

మెకానిక్ పిల్ల డబ్బా తీసి పక్కన పెట్టింది. "సూదులు పట్టే అయస్కాంతం దీన్నేమీ చెయ్యలేదు. నువ్వు దీన్ని కింద పడేశావా, అది చెప్పు."

"పడలేదు." ఒక క్షణం ఆలోచించింది. "ఒకసారి. గుడ్డల గుట్ట మీద."

"గుడ్డల మీదైతే దిగుల్లేదు. కూర్చో."

సంచిలోంచి తన లాప్‌టాప్, ఒక వైరు తీసి, బిళ్ళకి ఒక కొస, లాప్‌టాప్‌కి ఒక కొస తగిలించింది. లోపల ఏదో కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. తర్వాత సన్నగా తిరుగుతున్న చప్పుడు మొదలైంది. డ్రైవరు గారు మూడో మెట్టు మీదే నిలబడి రెయిలింగు పట్టుకున్నాడు. పిల్ల ఏవేవో తెరిచి, ఏవేవో మూసి, చివరికి తెర అంతా బారుగా పేర్లున్న ఒక జాబితా ముందు ఆగింది.

వంగిన వీపు, రెండో రకం. కుర్చీలో కూర్చునేవాళ్ళ ప్యాంటు. బొత్తాల బదులు అతుక్కునే పట్టీ. చెయ్యి పైకెత్తలేనివాళ్ళకి. ముప్పై తొమ్మిది పేర్లు.

"ఇంకో రెండు?" అన్నాడు డ్రైవరు గారు మెట్ల మీంచి.

"డిస్కు మార్చాక రాసినవై ఉంటాయి. అవి పోయినట్టే."

టైలరమ్మ అప్పుడు ఏడ్చింది. దుఃఖంతో కాదు. బిగబట్టిందంతా ఒక్కసారి వదిలేసరికి కళ్ళు వాటంతట అవే కారాయి. "పోనీవే. ఆ రెండూ మొన్న రాసినవే, చేతిలోనే ఉన్నాయి. రాత్రికి మళ్ళీ రాసేస్తా," అంది చెంగుతో ముఖం తుడుచుకుంటూ. ఆ తర్వాత మెట్ల వైపు చూసింది. "మీరు అక్కడే నిలబడ్డారేం? టీ చల్లారిపోయింది, వెచ్చబెట్టి తీసుకురండి. పిల్లకి కూడా."

డ్రైవరు గారికి ప్రాణం లేచొచ్చింది. టీ వెచ్చబెట్టడం ఒక శిక్ష అయితే ఆయన జన్మంతా ఆ శిక్ష అనుభవించడానికి సిద్ధం. గ్లాసులు తెచ్చిచ్చి, ఇంక దేన్నీ ముట్టుకోనని ఒట్టేసి, కొట్టు చూసుకోవడానికి కిందికి దిగాడు.

ఫొటోలతో సహా పాఠాలు కాపీ కావడానికి ముప్పావుగంట పడుతుందని తెర చెప్పింది. ముందు రెండు చోట్ల దాచుతున్నా, బుట్టలో మాత్రం కాదు అని చెప్పింది పిల్ల. ఈలోపు బ్లాగు తెరిచింది. తెరుచుకోవడానికి పట్టిన టైములో రెండు గుటకలు టీ తాగింది.

"చూశావా పిన్నీ, ఇది కంప్యూటర్ తప్పు కాదు. ఆస్పత్రిలో ముప్పై మంది ముందు ఇలాగే తెరుచుకుంటే సగం మంది లేచి వెళ్ళిపోతారు. పై నుంచి ఈ పూలెందుకు రాలుతున్నాయి?"

"అందంగా ఉన్నాయని."

"తీసేస్తున్నా. ఈ పాట?"

"తెరవగానే వస్తుంది. బాగుంటుంది కదే?"

"ఆస్పత్రిలో మోగితే నీకు తెలుస్తుంది ఎంత బాగుంటుందో. తీసేస్తున్నా. ఈ ఫొటోలు ఫోనులోంచి తిన్నగా ఎక్కించేశావా? ఒక్కోటి గోడంత ఉంది. గుడ్డ కత్తిరించకుండా తానుకి తాను మిషన్ మీద పెట్టి కుడతావా నువ్వు?"

ఆ మాట టైలరమ్మకి ఠక్కున ఎక్కింది. తనే కూర్చుని ఒక్కో ఫొటోని తెరకి ఎంత కావాలో అంతకి తగ్గించింది. పిల్ల పాఠాల పేర్లు మార్చమంది. 'పాఠం 3' అంటే ఎవరికి ఏం తెలుస్తుంది, ఎవరైనా వెతికేది 'భుజం జారినవాళ్ళకి చొక్కా' అని కదా, అదే పేరు పెట్టు అంది. పెద్ద పేరాలు విరగ్గొట్టింది. పోయినవారం తను చెప్పి పెట్టించిన కొట్టు చిరునామా, ఫోను నంబరు పేజీ పైనే కనపడుతున్నాయా అని చూసుకుంది. ఇప్పుడు బ్లాగు మళ్ళీ తెరిస్తే టీ గ్లాసు ఎత్తేలోపే వచ్చేసింది. టైలరమ్మ చిన్నపిల్లలా మూడుసార్లు మూసి మూడుసార్లు తెరిచింది.

"అయిదింటికల్లా పది పాఠాలు ఎక్కించేద్దాం, మిగతావి రేపు," అంది పిల్ల. "ఇంకొక్కటి ఉంది. నీ బ్లాగుకి ఇంకో బుట్ట ఉంది పిన్నీ. జనం రాసిన కామెంట్లలో చెత్త అనిపించినవి బ్లాగు తనంతట తనే అందులో పడేస్తుంది. మూడొందలున్నాయి. అన్నీ ప్రకటనలే. ఖాళీ చేసేయనా?"

"ఆగు!"

ఆ కేకకి పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవాళ ఇంత జరిగాక కూడా చూడకుండా బుట్ట బోర్లిస్తానంటావేంటే! జరుగు."

"పిన్నీ, మూడొందలు!"

"బుట్ట అంటే కెలకాల్సిందే." కళ్ళజోడు సర్దుకుని కూర్చుంది టైలరమ్మ. జుట్టు మొలిపించే నూనె. లాటరీ తగిలింది. ఇంట్లో కూర్చుని సంపాదించండి. మళ్ళీ నూనె. ఒక్కొక్కటే చదివి పక్కకి నెడుతుంటే పిల్ల గడియారం చూసి తల పట్టుకుంది. నాలుగు కావడానికి పది నిమిషాలుంది.

డెబ్బయ్యోదో ఎన్నోదో దగ్గర టైలరమ్మ వేలు ఆగింది. పేరు లేని కామెంటు. పోయిన శనివారంది. అదే ముక్క వరసగా తొమ్మిదిసార్లు ఉంది.

"వెళ్ళలేదనుకుని తొమ్మిదిసార్లు నొక్కారెవరో పాపం. అందుకే బ్లాగు చెత్తలో పడేసింది," అంది పిల్ల వంగి చూస్తూ. "ఏం రాశారు పిన్నీ?"

టైలరమ్మ తెర పిల్ల వైపు తిప్పింది. పిల్లే పైకి చదివింది.

"'మూడో పాఠంలో జారిన భుజానికి అర అంగుళం తగ్గించమని రాశావు. ముప్పావు అని ఎన్నిసార్లు చెప్పాను? నన్ను చంపింది చాలక, తప్పు పాఠం కూడా నా పేరున రాస్తావా మొద్దూ? చిరునామా దొరికింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర బస్సుకి దిగుతున్నా. కత్తెరకి పదును పెట్టించి ఉంచు.'" పిల్ల నవ్వింది. "ఎవరీవిడ? నిన్ను మొద్దు అంటోందేంటి?"

ఈ లోకంలో టైలరమ్మని మొద్దు అని పిలిచిన మనిషి ఒక్కరే ఉన్నారు. తెర మీద, బ్లాగు మొదటి పేజీలో, ఆ మనిషి పేరు ముందు కీర్తిశేషులు అన్న మాట ఇంకా అలాగే ఉంది. టైలరమ్మ ముందు దాన్ని చెరిపేసింది.

అప్పుడే కింది నుంచి డ్రైవరు గారి గొంతు వినిపించింది.

"ఏమేవ్! ఎవరో పెద్దావిడ వచ్చారు, చేతిలో చెక్క స్కేలు ఉంది. ముందు నీ కత్తెర చూపించమంటున్నారు!"